ఆ రోజు అయ్యగారు ఎందుకు ఆలస్యమయ్యారంటే

చిన్నీ, బాబ్జీ,

క్రిస్మస్ ఆరాధనకు మన పాస్టరు అయ్యగారు గంటన్నర ఆలస్యంగా వచ్చారని, ప్రసంగం గబగబా ముగించారని, పైగా చిన్నీని వేరే పేరుతో పిలిచారని మీరిద్దరూ అలిగి వెళ్లారు. ఆ కోపం మీలో అలాగే ఉండిపోకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మన పాస్టరేటులో, అంటే ఒకే పాస్టరు కింద ఉండే సంఘాల గుంపులో, 11 ఊళ్లున్నాయి. ఊరూరా చర్చి ఉంది, అయ్యగారు మాత్రం ఒక్కరే. మామూలు ఆదివారాల్లో ప్రార్థన నడపడానికి సువార్తికులు ఉన్నారు. కానీ మన సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) పద్ధతిలో ప్రభురాత్రి భోజనం ఇవ్వాలంటే అభిషేకం పొందిన గురువే రావాలి. క్రిస్మస్ నాడు ఆ రొట్టె, ద్రాక్షరసం వద్దనే ఊరు ఉంటుందా? అందుకే 24 రాత్రి నుంచి ఆయన బండి మీద తిరుగుతూనే ఉన్నారు. మనది ఆరో ఊరు.

మీరు ఆవరణలో ఆడుకుంటున్నప్పుడు నేను చూసింది చెబుతాను. చర్చి వెనక గదిలో తెల్లంగీ ఒక చేతికే తొడుక్కొని, రెండో చెయ్యి దూర్చకుండానే కుర్చీలో నిద్రపోయారు. పక్కన పెట్టిన టీ మీద మీగడ కట్టింది. లేపడానికి నాకు మనసు రాలేదు. గంట మోగగానే ఉలిక్కిపడి లేచి, మొహం కడుక్కొని, నవ్వుతూ మన ముందుకు వచ్చారు. బదిలీ మీద వచ్చి ఏడు నెలలే అయిన మనిషికి 11 ఊళ్ల పిల్లల పేర్లు ఎలా గుర్తుంటాయమ్మా?

ఈ కోపం నాకూ తెలుసు. తాతయ్య పోయిన రోజు, అప్పటి అయ్యగారు పొద్దుగూకే దాకా రాలేదు. వచ్చాక అందరి ముందూ నోటికొచ్చినట్టు అనేశాను. ఆయన తల వంచుకొని విన్నారు, ఒక్క మాట అనలేదు. నెల తరువాత ఆయన భార్య, అమ్మగారు, చెబితే తెలిసింది. ఆ పొద్దున పక్క ఊళ్లో బావిలో పడి చనిపోయిన పిల్లవాడిని భూస్థాపన చేశారట. ఆ తల్లి చెయ్యి వదలకపోతే అక్కడే కూర్చుండిపోయారట. క్షమించమని అడగడానికి నేను వెళ్లేసరికి ఆయనకు బదిలీ అయిపోయింది. ఇన్నేళ్లయినా అది నన్ను వదల్లేదు.

1912లో డోర్నకల్‌కు బిషప్ అయిన అజరయ్యగారు, భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి సంప్రదాయపు) బిషప్, ఎడ్లబండి మీద పల్లెలు తిరిగారు. ఎడ్లబండి పోయి మోటారుసైకిలు వచ్చింది. ఆ తిరుగుడు మాత్రం తగ్గలేదు.

బైబిల్లో, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా జనం తగవులు తీరుస్తున్న మోషేను చూసి, ఇలాగైతే నువ్వూ ఈ జనమూ నలిగిపోతారని మామ యిత్రో అన్నాడు కదా. అక్కడితో ఆగకుండా, పనిని పదిమందికి పంచే దారి కూడా చూపించాడు. మన సంఘం చేయనిది అదే. మంచంలో ఉన్న ముసలివాళ్లను పలకరించడానికీ ఆయనే, అన్నదమ్ముల గట్టు తగాదాకూ ఆయనేనా? ఆరాధనలో బైబిలు పాఠం చదవడానికి చిన్నీ చాలదా?

ఈస్టర్ నాడు ఆయన భోజనం మనింట్లోనే. ఈసారి ఆయన అడిగే లోపే మీ పేర్లు మీరే చెప్పండి. తిన్నాక తాతయ్య మంచం మీద కాసేపు నడుం వాలుస్తారు. మీరిద్దరూ వీధి అరుగు మీద కూర్చొని, ఎవరైనా వస్తే ఏ పని మీద వచ్చారో కాగితం మీద రాసి పెట్టండి. ఆయన్ని లేపవద్దు.

మీ నాయనమ్మ