రెండో గ్లాసు

పర్లాకిమిడిలో మా పెదనాన్నగారి ఇంట్లో శివరాత్రి జాగారానికి భంగు నూరేవారు. అందుకోసం ఒక చిన్న సన్నికల్లు విడిగా ఉండేది. గంజాయి ఆకు, మిరియాలు, సోంపు, గసగసాలు కలిపి గంటసేపు నూరితే ముద్ద వెన్నలా జారేది. దాన్ని పాలలో కలిపి, పలచటి గుడ్డలో పిండి, ఇత్తడి గ్లాసుల్లో పోసేవారు.

ఒక ఏడాది బరంపురం నుంచి మా బావ వచ్చాడు. రాత్రి ఏడింటికి ఒక గ్లాసు తాగాడు. ఎనిమిదయినా ఏమీ తేడా తెలియలేదు. "వట్టి పాలే కదా మామయ్యా ఇవి" అంటూ ఇంకో గ్లాసు తీసుకున్నాడు. తొమ్మిదిన్నరకి తులసికోట పక్కన కూలబడిపోయాడు. గుండె పట్టుకుని, "నేను పోతున్నాను, అక్కకి చెప్పు" అంటాడు. నాడి చూస్తే లెక్కపెట్టలేనంత వేగం. చింతపండు నీళ్లు పట్టించారు, నిమ్మకాయ నాకించారు, నెత్తిన చన్నీళ్లు పోశారు. ఏదీ పనిచేయలేదు. మర్నాడు మధ్యాహ్నానికి గానీ తేరుకోలేదు.

తర్వాత నేను రసాయనశాస్త్రం చదివి గుణుపురంలో పాఠాలు చెప్పుకుంటున్నాను. ఆ రాత్రి రెండు గ్లాసుల మధ్య బావ ఒంట్లో ఏం జరిగిందో చాలా ఆలస్యంగా అర్థమైంది.

గంజాయి మొక్కలో మత్తు కలిగించే పదార్థం పేరు టీహెచ్‌సీ. ఇజ్రాయెల్‌లో రాఫెల్ మెషూలమ్, యెహియేల్ గవోని దాన్ని 1964లో విడదీసి చూపించారు. పొగ పీలిస్తే అది ఊపిరితిత్తుల నుంచి నేరుగా రక్తంలోకి, అక్కడి నుంచి నిమిషాల్లో మెదడుకి చేరుతుంది. మనిషికి వెంటనే తెలిసిపోతుంది కాబట్టి చాలనుకున్నప్పుడు ఆపగలడు. తిన్నప్పుడు దారి వేరు. కడుపు, పేగులు దాటి ముందు కాలేయానికి వెళ్లాలి. కాలేయం అందులో కొంత భాగాన్ని 11-హైడ్రాక్సీ టీహెచ్‌సీ అనే మరో రూపంలోకి మారుస్తుంది. ఈ రూపం మెదడులోకి ఇంకా సులువుగా దూరుతుంది, మత్తూ గట్టిగానే ఎక్కిస్తుంది. అంటే పీల్చినవాడికీ తిన్నవాడికీ అనుభవం ఒకటి కాదు. తిన్నవాడి మెదడుకి రెండు పదార్థాలు కలిసి చేరుతున్నాయి.

ఈ ప్రయాణానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. రెండు నుంచి నాలుగు గంటల మధ్య మత్తు పతాక స్థాయికి చేరి, ఆరెనిమిది గంటలో, అంతకన్నా ఎక్కువో ఉంటుంది. ఎనిమిదింటికి బావ రెండో గ్లాసు ఎత్తేసరికి మొదటి గ్లాసు ఇంకా దారిలోనే ఉంది. తొమ్మిదిన్నరకి రెండూ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. చింతపండు నీళ్లు కడుపులోకి పోతాయే గానీ, అప్పటికే మెదడుకి చేరినదాన్ని వెనక్కి తేలేవు.

పాలల్లోనే ఎందుకు కలుపుతారో కూడా ఇక్కడే తెలుస్తుంది. టీహెచ్‌సీ నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. మన పెద్దలకి ఈ పేర్లేవీ తెలియవు, కానీ భంగుని ఎక్కువగా పాలతోనో నెయ్యితోనో చేసేవారు. నాకు ఈ విషయం తలుచుకున్నప్పుడల్లా గౌరవం కలుగుతుంది.

ఆ పాత పద్ధతిలో ఒక అడ్డుకట్ట ఉండేది. ఆకులో టీహెచ్‌సీ తక్కువ. గుప్పెళ్ల కొద్దీ ఆకు నూరితే గానీ పని జరగదు, పసరు వాసన, చేదు ముందే హెచ్చరిస్తాయి. ఇప్పుడు గంజాయి నుంచి తీస్తున్న హాష్ ఆయిల్ లాంటి గాఢసారాలు ఆ అడ్డుకట్టని తీసేశాయి. వీటిలో టీహెచ్‌సీ 60 నుంచి 90 శాతం దాకా ఉంటుంది. 80 శాతం ఉన్న సారం ఒక్క గ్రాము తీసుకోండి. అందులో 800 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ ఉంటుంది. అమెరికాలో పరిశోధనల కోసం 2021లో ఒక ప్రామాణిక మోతాదు నిర్ణయించారు, అది 5 మిల్లీగ్రాములు. అంటే గోరుమీద పట్టే ముద్దలో 160 మోతాదులు.

దాన్ని ఇంట్లో ఒక పళ్లెం బర్ఫీలో కలిపి 40 ముక్కలు కోశారనుకుందాం. సమంగా కలిస్తేనే ముక్కకి 20 మిల్లీగ్రాములు. కానీ ఆ సారం జిగురు. పాకంలో ఏలకుల పొడి ఒకచోట ఉండకట్టి, ఒక ముక్క ఘాటుగా, పక్క ముక్క చప్పగా ఉండటం మనకి తెలిసిందే. ఇక్కడా అదే జరుగుతుంది. ఒకే పళ్లెంలో ఒకడికి ఏమీ కాదు, పక్కవాడు ఆస్పత్రి పాలవుతాడు. చేసినవాడు ఎంత జాగ్రత్తపరుడైనా ఏ ముక్కలో ఎంత ఉందో ల్యాబ్‌లో పరీక్షిస్తే తప్ప చెప్పలేడు. ఇక బ్యూటేన్ గ్యాసుతో ఈ సారం తీయబోయి ఇళ్లు తగలబెట్టుకున్నవాళ్లు విదేశాల్లో చాలామంది. ఆ వాయువు గాలికన్నా బరువు. నేలమీద పరుచుకుని నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటుంది.

మా వైపు ఒక అపోహ బలంగా ఉంది. ఒడిశాలో భంగు దొరుకుతుంది కదా, దానితో చేసిన చాక్లెట్టుకి తప్పేముంది అంటారు. పాతపట్నం నుంచి వచ్చే కుర్రాళ్లు కూడా ఇదే మాట. మాదకద్రవ్యాలను అరికట్టే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం పూత లేని ఉత్త ఆకుని గంజాయి నిర్వచనం నుంచి వదిలేసింది, భంగుకి చోటు దొరికింది అందుకే. పూత గంజాయి అవుతుంది. మొక్క నుంచి తీసిన బంక, హాష్ ఆయిల్ చరస్ కిందికి వస్తాయి. వాటిని ఏ తిండిలో, ఏ పానీయంలో కలిపినా నేరమే. గంజాయికి 20 కిలోలు వాణిజ్య పరిమాణం (శిక్ష బాగా పెరిగే హద్దు) అయితే చరస్‌కి ఒక్క కిలోయే. పైగా కలిపిన మామూలు పదార్థం బరువునీ లెక్కలో చేర్చాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. చాక్లెట్టులో పంచదార బరువు కూడా కేసులో తూగుతుందన్నమాట.

ఇవన్నీ పెద్దవాళ్ల సంగతి. నాకు నిజంగా టెన్షన్ పుట్టించేది పిల్లల విషయం. గంజాయి చాక్లెట్టుకి పసరు వాసన ఉండదు, రంగు కాగితం ఉంటుంది. అమెరికాలో ఆరేళ్లలోపు పిల్లలు ఇలాంటివి తిన్నారని విష నివారణ కేంద్రాలకి 2017లో 207 ఫిర్యాదులు వస్తే, 2021లో 3,054 వచ్చాయి. పెద్దవాడికి గుండెదడ తెచ్చే మోతాదు పది కిలోల పిల్లాడిని స్పృహ లేకుండా చేస్తుంది. ముందు మగతగా ఉంటాడు, నడిస్తే తూలుతాడు, ఆపైన ఊపిరి మందగించవచ్చు.

దీనికి విరుగుడు మందు లేదు. ఆస్పత్రిలో ఊపిరినీ గుండెనీ కనిపెట్టి చూసుకుంటూ, సెలైన్ ఎక్కిస్తూ, అది దిగేదాకా కాపాడతారు. అందుకే 108కి ఫోన్ చేయడంలో ఆలస్యం చేయకండి. ఉప్పునీళ్లు పట్టించి వాంతి చేయించొద్దు, మగతలో ఉన్నవాడికి అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టండి. పోలీసు కేసవుతుందని భయపడి ఏం తిన్నాడో దాచొద్దు. దాస్తే డాక్టరు మెదడువాపో, మూర్ఛో అని వెతుకుతూ విలువైన సమయం పోగొట్టుకుంటారు. చాక్లెట్టు కాగితం చేతిలో పట్టుకుని వెళ్లండి. ఎన్నింటికి తిన్నాడో కూడా చెప్పండి. గంట కిందటే తిన్నాడంటే మత్తు ఇంకా పైకి ఎక్కుతోందని, ఇప్పుడు కళ్లు తెరిచి చూస్తున్నా పిల్లాడిని ఇంటికి పంపకూడదని డాక్టరుకి అర్థమవుతుంది.