శాడ్‌కీ శాడిస్టుకీ చుట్టరికం లేదండీ: అపోహలు - వాస్తవాలు

అపోహ: ‘శాడిస్టు’ అనే మాట, దిగులుని చెప్పే ఇంగ్లీషు మాట ‘శాడ్’ (sad) నుంచే పుట్టింది.

వాస్తవం: కాదు. ఎదుటివాళ్లని బాధపెట్టి ఆనందించేవాడికి ఆ పేరు మార్కీ ద శాడ్ (1740-1814) అనే ఫ్రెంచి రచయిత వల్ల వచ్చింది. ‘శాడ్’ మాత్రం పాత ఇంగ్లీషు మాట, మొదట్లో దాని అర్థం ‘కడుపు నిండిన’ అని. ఆత్రేయపురం పూతరేకులైనా వరసగా లాగిస్తే మొహం మొత్తుతుంది కదా! ఆ నిండుదనమే వెగటై, బరువై, గాంభీర్యమై, చివరికి దుఃఖంగా మిగిలింది. షేక్స్‌పియర్ కాలంలోనూ ‘గంభీరమైన’ అనే అర్థం వాడుకలో ఉంది.

అపోహ: మనసుకి నచ్చనిదేదైనా ‘శాడ్’ అంటే సరిపోతుంది.

వాస్తవం: ఎక్కువ తప్పులు ఇక్కడే. వరదకి గోదావరి లంకలో అరటితోట పోతే ‘ఐ యామ్ శాడ్ అబౌట్ ఇట్’ సరైనదే. అంబాజీపేట వ్యాపారి కొబ్బరికాయకి ధర తగ్గించాడనుకోండి, అతనికి ‘ఐ యామ్ అన్‌హ్యాపీ విత్ ది ప్రైస్’ అని రాయాలి. ఇందులో అసంతృప్తి ఉంది, సరిచెయ్యమనే అడగడం ఉంది. ‘శాడ్’లో ఒట్టి దిగులే వినిపిస్తుంది.

పరామర్శ సందేశాల్లో ‘ఐ యామ్ శాడ్ ఫర్ యువర్ ఫాదర్స్ డెత్’ అని రాస్తుంటారు. తెలుగులో ‘మరణానికి’ అంటాం కాబట్టి ఆ ‘కి’ బదులు ‘ఫర్’ వచ్చి కూర్చుంటుంది. ‘శాడ్ ఫర్’ తర్వాత మనిషి రావాలి, సంగతైతే ‘అబౌట్’, క్రియ అయితే ‘టు’. అసలు ఆ వేళకి తగిన మాట ‘ఐ యామ్ సో సారీ ఫర్ యువర్ లాస్’. ఇక్కడ ‘సారీ’ క్షమాపణ కాదు, సానుభూతి. దుఃఖంలో ఉన్నవాళ్లు చదివే వాక్యం కదా, ఈ ఒక్కటీ కంఠతా పట్టండి.

అపోహ: మనిషిని ‘శాడ్’ అంటే జాలిపడినట్టే.

వాస్తవం: బ్రిటన్ వాడుకలో ‘హి ఈజ్ సో శాడ్’ అంటే ‘చప్పిడి మనిషి’ అని ఎగతాళి కూడా కావచ్చు.

అపోహ: ‘ఐ ఫీల్ శాడ్లీ’ అనొచ్చు.

వాస్తవం: ‘ఫీల్’ తర్వాత ‘శాడ్’ చాలు. ‘శాడ్లీ’ వాక్యం మొదట్లో వస్తే ‘దురదృష్టవశాత్తూ’ అని. ‘శాడ్లీ మిస్టేకెన్’ అంటే పూర్తిగా పొరబడ్డారని.

పలికేటప్పుడు కూడా జాగ్రత్త. రాసేది ‘శ’ అయినా పలికేది ‘సంత’లోని స. అచ్చు కొత్తదేం కాదు, ‘వచ్చాడు’ అన్నప్పుడు ‘చ్చా’లో మన నోట పలికేదే, కొంచెం కుదించండి.