ఇళ్ల పక్కన బెలూన్ దించడం ఎలా?

హాట్ ఎయిర్ బెలూన్‌కి స్టీరింగ్ ఉండదు, బ్రేకులూ ఉండవు. పైలట్ చేతిలో ఉన్నవల్లా రెండే పనులు. బర్నర్ మండిస్తే పైకి లేస్తుంది. మంట ఆపినా, సంచి పైభాగం నుంచి కాస్త వేడిగాలి వదిలేసినా కిందికి దిగుతుంది. పక్కకు ఎటు పోవాలన్నది గాలి చేతిలో ఉంటుంది. మరి కింద డాబాలు, చెట్లు, కరెంటు స్తంభాలు ఉన్నప్పుడు, మధ్యలో దొరికిన ఖాళీ స్థలంలో దాన్ని ఎలా దించుతారు? చాలామంది దీన్ని చివరి నిమిషంలో చూపించే నేర్పు అనుకుంటారు. నిజానికి అందులో సగం పని ఇంకా ఎత్తులో ఉండగానే, సిలిండర్లలో గ్యాస్ పుష్కలంగా ఉండగానే అయిపోవాలి.

అంత ముందుచూపు ఎందుకో తెలియాలంటే బెలూన్ బరువు గురించి తెలుసుకోవాలి. నలుగురైదుగురు ఎక్కే బెలూన్ సంచిలో సుమారు 2,800 ఘనపు మీటర్ల గాలి పడుతుంది. 15 డిగ్రీల చల్లటి ఉదయం బయటి గాలి ఘనపు మీటరుకు 1.2 కిలోల పైచిలుకు తూగితే, లోపల 100 డిగ్రీలకు వేడెక్కిన గాలి 0.95 కిలోల దాకానే తూగుతుంది. ఆ కాస్త తేడాయే బెలూన్‌ని లేపుతుంది. సంచి మొత్తానికి లెక్కేస్తే 780 కిలోలు వస్తుంది. గుడ్డ, బుట్ట, బర్నర్, సిలిండర్లు, మనుషులు అందరూ ఆ లెక్కలో సరిపోవాలి. అయితే లోపలున్న వేడిగాలికీ ద్రవ్యరాశి ఉంది కదా, అది 2,600 కిలోల పైమాటే. అంటే తేలికగా తేలుతున్నట్టు కనిపించేది దాదాపు మూడున్నర టన్నుల సరుకు. దాన్ని కదపడమూ కష్టమే, ఆపడమూ కష్టమే. మూడు నాలుగు సెకన్లు మంట కొట్టినా దాని ఫలితం కనబడటానికి పది సెకన్లు పట్టొచ్చు. గంటకు 18 కిలోమీటర్ల గాలిలో ఆ పది సెకన్లలో బెలూన్ 50 మీటర్లు ముందుకు పోతుంది. ఇళ్ల మధ్య 50 మీటర్లంటే చిన్న దూరమేమీ కాదు.

అందుకే పైలట్ కళ్లు ఎప్పుడూ కింది గాలిని వెతుకుతుంటాయి. నేలకు దగ్గరయ్యేకొద్దీ ఘర్షణ వల్ల గాలి వేగం తగ్గుతుంది, దిశ కూడా మారుతుంది. ఉత్తరార్ధగోళంలో సాధారణంగా దిగేకొద్దీ బెలూన్ దారి ఎడమకు మళ్లుతుంది, ఎక్కేకొద్దీ కుడికి మళ్లుతుంది. దక్షిణార్ధగోళంలో దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. ఏ ఎత్తులో ఏ గాలి ఉందో తెలిసిన పైలట్ కొంచెం ఎక్కుతూ, కొంచెం దిగుతూ బెలూన్‌ని తనకు కావాల్సిన మైదానం వైపు నడిపించగలడు. ఆ గాలిని కనిపెట్టే పద్ధతి చూస్తే ముచ్చటేస్తుంది. బుట్ట అంచు నుంచి షేవింగ్ ఫోమ్ ముద్దనొకదాన్ని జారవిడిచి, తలవంచి దాన్నే చూస్తారు. ముద్ద కొంతదూరం నిటారుగా పడి, ఒకచోట ఉన్నట్టుండి పక్కకు వంగిందంటే అక్కడ వేరే గాలి ఉందన్నమాట. ఏమీ లేకపోతే ఉమ్మి కూడా అదే పని చేసిపెడుతుంది. కింద ఎగిరే జెండా, పొగ, చెరువు నీటి మీది అలలు కూడా దారి చెబుతాయి.

ఎక్కువగా తెల్లవారుజామునే ఎగరడానికి కారణమూ ఇదే. పొద్దెక్కేకొద్దీ నేల వేడెక్కి గాలి సుడులుగా పైకి లేస్తుంది. గడ్డి మైదానం కంటే తారు రోడ్లు, సిమెంటు కప్పులు ముందే వేడెక్కుతాయి. కాబట్టి ఇళ్లున్న చోట ఆలస్యం చేస్తే నష్టం ఎక్కువ.

ఇక స్థలం ఎంచుకోవడం. జనావాసాల మీదుగా వెళ్లే విమానాలకైనా, బెలూన్లకైనా సాధారణ అంతర్జాతీయ నియమం ఒకటుంది: 600 మీటర్ల పరిధిలో ఉన్న అతి ఎత్తైన అడ్డంకికి కనీసం 300 మీటర్ల పైన ఉండాలి. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు మాత్రం మినహాయింపు. అందుకని ఇళ్లు దాటేదాకా ఎత్తులోనే ఉండి, కాలనీ అంచున ఖాళీ కనబడ్డాక దిగడం మంచి పద్ధతి. ఆ ఖాళీ తప్పిపోతే దాని తర్వాత ఇంకొకటి ఉండాలి. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే: వద్దనుకుంటే వదిలేసి ముందుకు పోగలిగే స్థితిలో ఉండటం. గ్యాస్ అడుగంటాక ఆ అవకాశం ఉండదు. దొరికిన చోటల్లా దిగాల్సి వస్తుంది. చెట్ల వరస వెనక గాలి తగ్గుతుంది కాబట్టి అది మంచి చోటే, కానీ మరీ దగ్గరగా వెళితే సుడిగాలి బెలూన్‌ని కిందికి లాగేస్తుంది.

ఇళ్ల కప్పులు చూసి మనకు భయమేస్తుంది కానీ, ప్రాణాలు తీస్తున్నది ఎక్కువగా కరెంటు తీగలే. 2012 జనవరిలో న్యూజిలాండ్‌లోని కార్టర్టన్ దగ్గర 11 మంది, 2016 జూలైలో టెక్సాస్‌లోని లాక్‌హార్ట్ దగ్గర 16 మంది, 2021 జూన్‌లో అమెరికాలోని అల్బుకర్కీలో ఐదుగురు చనిపోయారు. మూడు ప్రమాదాల్లోనూ బెలూన్ తీగలకే తగిలింది. పైనుంచి చూస్తే సన్నటి తీగ నేల రంగులో కలిసిపోతుంది. అందుకే తీగను వెతకొద్దు, స్తంభాల్ని వెతకమని నేర్పిస్తారు. ప్రతి రోడ్డు పక్కనా, ప్రతి ఇంటికీ తీగ ఉందనే అనుకోవాలి.

తీగ ఎదురైతే ఏం చేయాలన్నది వినగానే తిరకాసుగా అనిపిస్తుంది. దాటే ఎత్తు స్పష్టంగా లేకపోతే పైకి ఎక్కే ప్రయత్నం చేయకూడదు. బర్నర్ ఆపి, సంచి పైభాగంలో వేడిగాలి వదిలే వెంట్‌ని పూర్తిగా తెరిచి, కిందికే దిగిపోవాలి. మంట కొట్టినా బెలూన్ వెంటనే లేవదని ఇందాక చూశాం. ఆ పది సెకన్లలో బుట్ట సరిగ్గా తీగల ఎత్తుకు చేరుతుంది. అక్కడ ఇనుప కేబుళ్లు, గ్యాస్ సిలిండర్లు, మనుషులు ఉంటారు. కిందికి దిగితే తీగలు పైనున్న గుడ్డకు తగులుతాయి. అదీ ప్రమాదమే కానీ బతికే అవకాశం చాలా ఎక్కువ. కార్టర్టన్‌లో ఎక్కి తప్పించుకోవాలన్న ప్రయత్నమే ప్రాణాల మీదికి తెచ్చింది. లాక్‌హార్ట్‌లో తప్పు అంతకంటే ముందే జరిగింది. పొగమంచు, కింది మేఘాలు ఉన్నా బయల్దేరడమే ఆ తప్పు.

గాలి ఎక్కువైతేనే కష్టం అనుకుంటాం. అసలు లేకపోయినా కష్టమే. ఇళ్ల మీదికి వచ్చాక గాలి ఆగిపోతే బెలూన్ అక్కడే నిలబడిపోతుంది, గ్యాస్ మాత్రం ఖర్చవుతూనే ఉంటుంది. అప్పుడు తాడు కిందికి వదిలితే, వాహనంలో వెంబడించే బృందం దాన్ని పట్టుకుని తీగలు లేని వీధిలోకో, స్కూలు మైదానంలోకో మెల్లగా లాక్కెళుతుంది. మెల్‌బోర్న్ లాంటి మహానగరం మీదుగా కూడా బెలూన్లు ఎగిరి పార్కుల్లో దిగుతుంటాయి. 1783 నవంబరు 21న పారిస్‌లో మనుషులు తొలిసారి స్వేచ్ఛగా ఎగిరినప్పుడు కూడా పిలాత్ర్ ద రోజియే, మార్క్వీ దార్లాంద్‌లు నగరం మీదుగా వెళ్లి గాలిమరల మధ్య దిగారు. వాళ్ల బర్నర్ ఏమిటంటే గడ్డి మంట.

నేల తాకే ముందు ప్రయాణికులు మోకాళ్లు కాస్త వంచి, ప్రయాణ దిశకు వీపు పెట్టి, లోపలి తాళ్లు గట్టిగా పట్టుకోవాలి. చేతులు బయట పెట్టకూడదు. గాలి ఉంటే బుట్ట ఒరిగి కొంతదూరం ఈడ్చుకుపోతుంది. అది మామూలే, కంగారుపడక్కర్లేదు. పైలట్ తాడు లాగితే సంచి నెత్తిన గుండ్రటి గుడ్డమూత తెరుచుకుని వేడిగాలి బయటికి పోతుంది. దిగేశాం కదా అని ఎవరైనా ముందే దూకితే మాత్రం చిక్కే. ఒక్క 70 కిలోలు తగ్గినా మిగిలినవాళ్లతో బెలూన్ మళ్లీ లేస్తుంది.

మీ వీధి దగ్గరే బెలూన్ దిగుతుంటే పిల్లల్ని దూరంగా ఉంచండి, సిగరెట్ ఆర్పేయండి, పైలట్ పిలిచి చెబితే తప్ప తాడు ముట్టుకోకండి. బెలూన్ లేవబోతుంటే వెంటనే వదిలేయండి. తీగలకు చిక్కుకుని ఆగిందంటే, మంట కనబడకపోయినా దగ్గరికి వెళ్లొద్దు. కరెంటు ఆఫీసుకు ఫోన్ చేసి, సరఫరా ఆపామని వాళ్లు చెప్పేదాకా ఆగాలి. లోపల మంటలు లేకపోతే బుట్టలో ఉన్నవాళ్లు కూడా అప్పటిదాకా అందులోనే ఉండాలి. ఒక కాలు నేల మీద, ఒక చెయ్యి బుట్ట మీద ఉంటే కరెంటు ఆ మనిషి గుండా భూమిలోకి పోతుంది.