కోతులు, మనం, కొన్ని పళ్లు: అపోహలు - వాస్తవాలు

నా పని శిలాజాలతో, ఎక్కువగా పాతకాలపు కోతుల పళ్లతో. ఆ మాట చెప్పగానే జనం అడిగేవి దాదాపు ఎప్పుడూ ఇవే.

అపోహ: మనిషి కోతి నుంచి పుట్టాడు.

వాస్తవం: "కాదు, ఇద్దరికీ ఉమ్మడి పూర్వీకుడు ఉన్నాడంతే" అని అందరూ అప్పజెప్పేస్తారు. తప్పేమీ కాదు, ఇప్పుడు బతికున్న ఏ కోతీ మన ముత్తాత కాదు. కానీ ఆ పూర్వీకుడు చూడ్డానికి ఎలా ఉండేవాడని అడిగితే నీళ్లు నములుతారు. ఈజిప్టులోని ఫయూమ్‌లో ఈజిప్టోపిథికస్ అనే జీవి శిలాజాలు దొరికాయి. వయసు సుమారు 3 కోట్ల ఏళ్లు. మన శాఖ, ఆఫ్రికా-ఆసియా కోతుల శాఖ ఇంకా విడిపోని కాలం అది. చిన్న మెదడు, పొడుచుకొచ్చిన మూతి, నాలుగు కాళ్ల మీద కొమ్మలెక్కి తిరిగే ఒళ్లు. అదే మన ముత్తాత అని నేననను. కానీ ఎదురుగా తెచ్చి నిలబెడితే మీరైనా నేనైనా దాన్ని కోతి అనే అంటాం.

ఇంకో చిక్కు కూడా ఉంది. కొండముచ్చుకు దగ్గరి చుట్టం ఎవరు, దక్షిణ అమెరికా కోతా, మనమా? మనమే! "కోతి" అనేది మన నోట ఒకే మాట గానీ, వంశవృక్షంలో అది ఒకే కొమ్మ కాదు.

అపోహ: పరిణామం నిజమైతే కోతులు ఇంకా ఎందుకున్నాయి?

వాస్తవం: మీరు పుట్టారని మీ పెదనాన్న పిల్లలు మాయమైపోలేదు కదా.

అపోహ: ముందు కోతులు వచ్చాయి, అవి మెరుగుపడి గొరిల్లా, చింపాంజీల్లాంటి తోకలేని వానరాలు అయ్యాయి.

వాస్తవం: టాంజానియాలోని రుక్వా ప్రాంతంలో సుమారు 2.5 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో రెండు శాఖల శిలాజాలూ దొరికాయి. 2013లో ప్రకటించారు. అంటే అప్పటికే ఎవరి దారి వారిదే. ఆ తర్వాత చాలాకాలం తూర్పు ఆఫ్రికాలో తోకలేని వానరాలదే హవా, కోతులు అరుదు. కెన్యాలోని మబోకో దీవిలో దొరికిన విక్టోరియాపిథికస్ సుమారు 1.5 కోట్ల ఏళ్ల నాటిది. దాని పళ్లంటే నాకు మహా ఇష్టం. ఇప్పటి ఆఫ్రికా-ఆసియా కోతుల దవడ పళ్ల మీద నాలుగు గుబ్బలుంటాయి, వాటిని జతలుగా కలుపుతూ రెండు గట్లు ఉంటాయి. ఆకుల్ని కోయడానికి భలే పనికొస్తాయి. విక్టోరియాపిథికస్ పైపళ్లలో ఆ అమరిక ఇంకా పూర్తి కాలేదు, సగం కట్టిన ఇల్లు చూసినట్టు ఉంటుంది. మనది తోకలేని వానరాల శాఖ, మన కింది దవడ మొదటి పెద్ద పన్ను మీద మామూలుగా ఐదు గుబ్బలు. అద్దం ముందు నోరు తెరిచి లెక్కపెట్టుకోండి. తర్వాత్తర్వాత కథ తిరగబడింది. కోతులు రకరకాలుగా విస్తరించాయి, తోకలేని వానరాలు తగ్గిపోయాయి.

అపోహ: ఖండాలు కలిసున్నప్పుడు కోతులు దక్షిణ అమెరికాకు నడిచి వెళ్లాయి.

వాస్తవం: ఆఫ్రికా, దక్షిణ అమెరికా విడిపోయి దాదాపు 10 కోట్ల ఏళ్లు. అప్పటికి కోతులే లేవు. మరెలా వెళ్లాయి? నదులు సముద్రంలోకి తోసేసిన చెట్ల దిబ్బల మీద తేలుతూ వెళ్లి ఉంటాయని మా లెక్క. అప్పటి అట్లాంటిక్ ఇప్పటికన్నా ఇరుకు. చదువుకునే రోజుల్లో నాకూ ఇది కట్టుకథలాగే అనిపించింది. కానీ పెరూలో దొరికిన ఉకయాలిపిథికస్‌ను 2020లో వర్ణించారు. అది అంతకుముందు ఆఫ్రికాలో మాత్రమే తెలిసిన కుటుంబానికి చెందింది. ఇప్పటి దక్షిణ అమెరికా కోతుల వంశం వేరు. అంటే సముద్రం దాటింది ఒక్క గుంపు కాదు, కనీసం రెండు.

అపోహ: ఇదంతా చెప్పాలంటే అస్థిపంజరాలు దొరకాలి.

వాస్తవం: ఉకయాలిపిథికస్ అంటే నాలుగు పళ్లు. పనామాలో దొరికిన 2.1 కోట్ల ఏళ్ల నాటి కోతి ఏడు పళ్లు. రుక్వా కోతి అయితే ఒక దవడ ముక్క, అందులో ఒకే ఒక్క పన్ను.