పూతరేకులా చుట్టుకున్న రాయి

మహారాణిపేటలో పాత బంగళా బాగుచేయిస్తున్న ఒక పాఠకుడు, వేడినీళ్ల గొట్టానికి పట్టించిన బూడిదరంగు పూత రాతినారేనా, అంటే ఆస్బెస్టాసేనా, ఒక పెచ్చు ఊడదీసి నిప్పులో పెట్టి చూడవచ్చునా అని అడిగారు. అలా చేయవద్దు. కాలనిదల్లా ఆస్బెస్టాసే అన్న నమ్మకం చాలామందిలో ఉంది గాని, గాజు ఉన్ని కూడా మండదు. పైగా అసలు ప్రమాదం పెచ్చు ఊడదీయడంలోనే ఉంది.

చలిదేశాల ఇళ్లలోలా విశాఖలో గోడల మధ్య ఇన్సులేషన్ నింపే అవసరం లేదు. మనకు ఎక్కువగా తెలిసినది రాతినార కలిపిన సిమెంటు రేకు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు లేచిపోయి ముక్కలైన రేకులను నగరమంతా చూసింది. రేకులో నారను సిమెంటు పట్టి ఉంచుతుంది కనుక విరగనంత వరకు అది బయటికి రావడం తక్కువ. గొట్టాల మీది పాత పూత అలా కాదు, వేలితో నలిపితేనే పొడి అవుతుంది.

ఆ పొడి మామూలు రాతిపొడిలా ఎందుకు ఉండదు? తెల్ల రాతినార, అంటే క్రిసొటైల్, ఒక సిలికా పొర, దానికి అతుక్కున్న ఒక మెగ్నీషియం పొర కలిసిన స్ఫటికం. మెగ్నీషియం పొర కొలత కొంచెం పెద్దది. ఉతికాక లైనింగు మాత్రమే కుంచించుకుపోయిన జాకెట్టు అంచు లోపలికి ముడుచుకోవడం ఇంట్లో చూసే ఉంటారు. ఇక్కడ లైనింగు సిలికా. జాకెట్టు అంచు అక్కడితో ఆగుతుంది, స్ఫటికం మాత్రం పూతరేకులా చుట్టు మీద చుట్టు వేసుకుంటుంది. ఒకానొక వ్యాసార్థం దగ్గరే రెండు పొరల కొలతలు సరిగ్గా కుదురుతాయి, దానికి లోపలి చుట్లలోను వెలుపలి చుట్లలోను బిగువు పెరుగుతుంది. అందువల్ల చుట్ట సుమారు 25 నానోమీటర్లను మించి అంతగా లావెక్కదు. కంటికి ఒక్క పోగుగా కనిపించేది ఇలాంటి చుట్టల కట్ట. పూతరేకు నలిపితే పొడి అవుతుంది గాని, ఈ కట్టను నలిపితే పొడవు పెద్దగా తగ్గకుండా నిలువునా చీలి మరింత సన్నబడుతుంది. నీలి, గోధుమ రాతినారలు చుట్టుకోవు. అవి తిన్నని సూదులు, ఊపిరితిత్తుల్లో ఇంకా ఎక్కువకాలం నిలుస్తాయి. 20 మైక్రోమీటర్ల పొడవు దాటిన పోగును అక్కడి భక్షక కణం, అంటే బయటి నుంచి వచ్చినవాటిని మింగి శుభ్రం చేసే కణం, పూర్తిగా మింగలేక, సగం మింగిన స్థితిలోనే తన రసాయనాలను చుట్టూ ఒలకబోస్తుంది. ఆ వాపు ఏళ్ల తరబడి సాగి, మెసోథీలియోమా వంటి క్యాన్సరుగా బయటపడేసరికి రెండు మూడు దశాబ్దాలో, అంతకంటే ఎక్కువో గడిచిపోతాయి.

ఇంత సన్నని వస్తువును రంగు చూసి, తట్టి చూసి పోల్చుకోవడం మేస్త్రీకి గాని నాకు గాని సాధ్యం కాదు. పూతను కదిలించకుండా పాలిథీన్‌తో కప్పి, ఊడ్చకుండా, డ్రిల్లు పెట్టకుండా ఉంచి, తగిన మాస్కు ఉన్న నిపుణుడి చేత తడిపి చిన్న నమూనా తీయించాలి. ప్రయోగశాలలో దానిని 1.55 వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే కొలత) గల ద్రవంలో వేసి, ఒకే దిశలో కంపించే కాంతితో చూపే ధ్రువణ సూక్ష్మదర్శిని కింద చూస్తారు. తగిన అమరికలో క్రిసొటైల్ పోగు ఒక దిశలో ఊదా, దానికి అడ్డంగా తిప్పితే నీలం రంగు చూపుతుంది. నిప్పు వేరుచేయలేని గాజు ఉన్ని ఇక్కడ సులువుగా దొరికిపోతుంది: గాజులో అణువులకు దిశ అంటూ లేదు కనుక, ఒకదానికొకటి అడ్డంగా నిలిపిన రెండు ధ్రువకాల (ఒకే దిశలో కంపించే కాంతినే పోనిచ్చే పలకల) మధ్య అది ఎటు తిప్పినా చీకటిగానే ఉండిపోతుంది.