బుట్ట పిడి కత్తి గురించి మనవలకు

చిరంజీవులు చిట్టికి, నానికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న వీడియో కాల్‌లో మా గ్లాస్గో ఇంటి గోడ మీది కత్తిని చూసి, "తాతయ్యా, దాని పిడికి పక్షి పంజరం ఎందుకు?" అని అడిగావు నానీ. ఫోన్లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను. అక్కా తమ్ముడూ కలిసి చదువుకోండి.

అది పంజరం కాదు నాన్నా, బుట్ట. ఇక్కడివాళ్లూ దాన్ని బుట్ట పిడి అనే అంటారు. పూర్వం యుద్ధానికి వెళ్లేవాళ్లు చేతులకు ఇనుప తొడుగులు వేసుకునేవారు. తుపాకులు వచ్చాక కవచాలు తగ్గిపోయాయి. పైగా యూరప్‌లో మామూలు బట్టల్లోనే నడుముకి కత్తి కట్టుకుని తిరగడం అలవాటైంది. కత్తి కత్తికి తగిలినప్పుడు ముందు తెగేవి వేళ్లే కదా. అందుకని చేతికి ఉండాల్సిన తొడుగు కత్తికే వచ్చింది. ఇంగ్లండు తీరంలో 1545లో మునిగిన మేరీ రోజ్ అనే యుద్ధనౌకను 1982లో పైకి తీశారు. ఆ ఓడ మునిగిన చోట ఇలాంటి కత్తి ఒకటి దొరికింది. అంటే బుట్ట పిడికి దగ్గర దగ్గర 500 ఏళ్ల వయసుంది.

వీటిలో రకాలున్నాయి. వెనిస్‌లో స్కియవోనా అనేది ఉంది, దాని పిడి చివర గుండు పిల్లి తలలా ఉంటుంది. ఇంగ్లండులో 17వ శతాబ్దపు అంతర్యుద్ధం నాటి కత్తుల్ని మార్చురీ కత్తులంటారు. ఆ పేరు అప్పటిది కాదు. చాలాకాలం తర్వాత కత్తులు పోగుచేసేవాళ్లు, బుట్ట మీద చెక్కిన ముఖం 1649లో తల నరికించుకున్న చార్లెస్ రాజుదనీ, ఆయన జ్ఞాపకార్థం చేయించారనీ అనుకుని పెట్టారు. వాటిలో చాలా కత్తులు రాజు చనిపోకముందే తయారయ్యాయి! పేరు మాత్రం పోలేదు. అందుకే పాత వస్తువు పేరు చెప్పినప్పుడల్లా, ఆ పేరు ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు అని అడగండి.

నాకు మటుకు స్కాట్లాండు కత్తి అంటేనే ప్రాణం. మన కత్తికి పిడిది ఒక ఊరు, అలుగుది, అంటే కోసే పొడవాటి భాగానిది, ఒక ఊరు. బుట్టలు స్టిర్లింగ్‌లోనూ గ్లాస్గోలోనూ చేసేవారు. స్టిర్లింగ్‌లో వాల్టర్ అలన్ అనే పనివాడు 18వ శతాబ్దంలో చేసిన బుట్టలు చూస్తే, ఇనుమును ఇంత నాజూగ్గా వంచొచ్చా అనిపిస్తుంది. రేకుల్లో హృదయం ఆకారపు చిల్లులు, గుండ్రటి చిల్లులు పొడిచేవారు. అలుగు మాత్రం చాలావరకు జర్మనీలోని జోలింగెన్ నుంచి దిగుమతి అయ్యేది.

మన కత్తి అలుగు మీద "ఆండ్రియా ఫెరారా" అని చెక్కి ఉంటుంది. అసలు ఆండ్రియా ఫెరారా 16వ శతాబ్దంలో ఇటలీలోని బెల్లూనోలో గొప్ప కత్తుల కమ్మరి. ఆయన పోయాక కూడా 100, 150 ఏళ్ల పాటు జర్మన్ కమ్మరులు ఆ పేరును తమ అలుగుల మీద కొట్టారు, కొనేవాళ్లు ఆ పేరే అడిగేవారు కాబట్టి. అక్షరాలు కూడా ఒక్కో కత్తి మీద ఒక్కోలా ఉంటాయి. అలాగని మన కత్తి దొంగ సరుకు కాదు. ఆ కాలంలో స్కాట్లాండు మనిషి నమ్మి నడుముకి కట్టుకున్నది ఇలాంటి కత్తినే. దాన్ని ఆండ్రియా చేతి పని అని చెప్పి అమ్మితేనే మోసం.

1746 ఏప్రిల్ 16న స్కాట్లాండులోని కల్లోడెన్ మైదానంలో హైలాండు సేన, అంటే ఇక్కడి కొండప్రాంతం వాళ్ల సేన, బ్రిటిష్ రాజు సేన చేతిలో ఓడిపోయింది. గెలిచినవాళ్లు రాసుకున్న లెక్కలో అక్కడ దొరికిన తుపాకులు 2,320, కత్తులు 190. బొమ్మల్లో ప్రతి హైలాండరు చేతిలోనూ కత్తి ఉంటుంది, లెక్క చూస్తే అలా లేదు. ఆ తర్వాత ఆయుధాలు ఉంచుకోకూడదని చట్టం గట్టిగా అమలు చేశారు. మన కత్తి ఆ రోజుల్లో ఎక్కడ దాక్కుందో అని రాత్రుళ్లు పడుకుని ఆలోచిస్తుంటాను.

ఒక తప్పు కూడా చెప్పాలి మీకు. నేను కొన్న మొదటి కత్తి ఇది కాదు. అది తుప్పుతో నల్లగా ఉంటే, మీ బామ్మ ఇత్తడి బిందెను చింతపండుతో తోమినట్టు మెరిపిద్దామని ఎమ్రీ పేపరుతో రుద్దాను. సాయంత్రానికి తళతళలాడింది. మర్నాడు వెలుతురులో చూస్తే, పిడి దగ్గర అలుగు మీద ఉన్న ముద్ర లేదు. అది ఎవరి ముద్రో ఇక ఎవరూ చెప్పలేరు. ఆ బాధ నాకు ఇప్పటికీ తగ్గలేదు. ఇప్పుడు మెత్తటి గుడ్డ, పల్చగా మైనం, అంతే. నల్లదనం జోలికి పోను. ఉత్త చేత్తో అలుగు తాకను, చెమటకు వేలిముద్ర అలాగే తుప్పు పడుతుంది. దసరాకి బామ్మ కుంకుమ తెస్తే, కత్తికి పెట్టనివ్వకుండా కింద పీట మీద బొట్టు పెట్టించాను. మొదట కోప్పడింది గానీ తర్వాత ఒప్పుకుంది.

చిట్టీ, నీకు మాటలంటే ఇష్టం కదా, ఇది నీ కోసం. మనం ఫిరంగి అంటే తోపు అనుకుంటాం. మరాఠా దేశంలో, దక్కనులో ఫిరంగి అంటే ఒక కత్తి కూడా. ఫ్రాంకులు అనే మాట నుంచి అరబ్బులూ పారశీకులూ యూరప్ వాళ్లందరికీ పెట్టిన పేరు అది. ఓడల మీద వచ్చిన యూరప్ అలుగులకు మనవాళ్లు తమ పద్ధతి పిడి తొడిగి దానికి ఫిరంగి అని పేరు పెట్టారు. అలుగు ఒక దేశానిది, పిడి ఇంకో దేశానిది. మన గోడ మీది కత్తి కథా అదే కదమ్మా.

వేసవిలో మీరు వచ్చినప్పుడు కెల్విన్‌గ్రోవ్ మ్యూజియంకి తీసుకెళ్తాను. ఇంట్లో కత్తిని కిందికి దింపి బల్ల మీద పెడతాను. బుట్ట లోపల తోలు ఉంది, బొటనవేలు ఆనే చోట అది బాగా అరిగిపోయింది. ఎవరి వేలో తెలియదు. చేతులు శుభ్రంగా కడుక్కుని, తుడుచుకుని వస్తే అక్కడ మీ వేలు పెట్టి చూడనిస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య