చెవిలో కుదిరితేనే పాట

ఇయర్‌ఫోన్స్ కొనేవారు ముందుగా పెట్టెమీది అంకెలు చదువుతారు గానీ, ముందుగా చూడవలసింది లోపల చిన్న కవరులో ఉండే రెండు మూడు సైజుల సిలికాన్ టిప్స్‌ను, అంటే చెవిలో దూరే మెత్తని తొడుగులను. వెయ్యి రూపాయల జత నిండుగా పలుకుతుందా, పేలవంగా పలుకుతుందా అన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది.

చెవి రంధ్రం నుంచి కర్ణభేరి దాకా ఉన్న నాళం పొడవు సుమారు 25 మిల్లీమీటర్లు. టిప్ దాన్ని బిగువుగా మూసినప్పుడు, ఇయర్‌ఫోన్‌లోని పలుచని పొర ముందుకూ వెనక్కూ కదులుతూ లోపల మిగిలిన కాస్త గాలినీ నొక్కి, ఆ ఒత్తిడిని కర్ణభేరికి చేరుస్తుంది. సందు మిగిలితే ఏమవుతుందో వాషరు అరిగిన సైకిలు పంపు చెబుతుంది: నెమ్మదిగా నొక్కితే గాలి పక్కనుంచి జారిపోతుంది, విసురుగా నొక్కితే జారే వ్యవధి లేక కొంతైనా ట్యూబులోకి వెళ్తుంది. అలాగే సెకనుకు 60 సార్లు కంపించే మంద్రధ్వని సందులోంచి జారిపోతుంది, 5,000 సార్లు కంపించేది నిలుస్తుంది. అందువల్లనే మృదంగం కుడివైపు మోత స్ఫుటంగా వినిపిస్తూ, ఎడమవైపు గుంకారం మాత్రం మాయమవుతుంది. కొన్నవారు బేస్ లేదని తిప్పి పంపేస్తారు.

దీన్ని తేల్చుకోవడం తేలికే. బాగా తెలిసిన కచేరీ రికార్డింగు ఒకటి పెట్టుకుని, ఇయర్‌ఫోన్స్‌ను వేలితో మెల్లగా లోపలికి అదమాలి. ఆ క్షణంలో మృదంగం ఎడమవైపు నాదం ఒక్కసారిగా నిండుగా వినిపిస్తే, టిప్ చిన్నదైందనో సరిగా కూర్చోలేదనో అర్థం. చెవి పైభాగాన్ని రెండో చేత్తో కొంచెం పైకీ వెనక్కీ లాగి పెట్టుకుంటే నాళం నిటారై టిప్ చక్కగా కూర్చుంటుంది. రెండు చెవులూ ఒకే కొలతలో ఉండాలన్న నియమం లేదు కాబట్టి, ఒకదానికి మధ్య సైజు, మరొకదానికి పెద్దది వాడుకోవచ్చు.

బిగువు కుదిరాక గొంతును వినాలి. తెరిచి ఉన్న చెవినాళం 3,000 హెర్ట్జ్ (సెకనుకు 3,000 కంపనాలు) పరిసరాల్లోని ధ్వనులను సహజంగానే పెంచుతుంది. దాన్ని మూసేయగానే ఆ పెంపు చెదిరిపోతుంది గనుక తయారీదారే తిరిగి సమకూర్చాలి. అది ఎక్కువైతే పాటలోని స, శ, చ అక్షరాలు చెవిలో గుచ్చుకుంటాయి, తక్కువైతే గాయని గోడ అవతల నిలబడి పాడుతున్నట్టుంటుంది. ఈ అమరికను ధరతో ముడిపెట్టడం సరికాదు. 2017లో యేరూన్ బ్రేబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్స్‌ను కొలిచి, వాటి స్వరస్పందనకూ (ఏ స్థాయి ధ్వని ఎంత గట్టిగా పలుకుతుందన్న దానికీ) అమ్మకపు ధరకూ సంబంధం కనిపించలేదని ప్రకటించారు. తక్కువ డబ్బుతో మంచి సంగీతం వినాలనుకునేవారికి ఇంతకన్నా ధైర్యాన్నిచ్చే మాట లేదని నా అభిప్రాయం.

పెట్టెమీది ‘20–20,000 హెర్ట్జ్’ అన్నది మనిషి వినికిడి పరిధి; ఆ పరిధిలో ఏది ఎంత గట్టిగా పలుకుతుందో అది చెప్పదు. బడ్జెట్ మరీ తక్కువైతే వైరున్నవే మేలు, ఎందుకంటే బ్లూటూత్ జతలో కొంత డబ్బు బ్యాటరీకీ చిప్‌కూ పోతుంది. రెండు జతలను పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానంగా ఉండేలా చూసుకోవాలి, కాస్త గట్టిగా మోగేదే చెవికి మెరుగనిపిస్తుంది.

బిగువైన టిప్ బస్సు రొదను కూడా తగ్గిస్తుంది, కాబట్టి వాల్యూమ్ పెంచే అవసరం రాదు. పెద్దలకు వారానికి 40 గంటలపాటు 80 డెసిబెల్స్ వరకు సురక్షితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంతకుమించి పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ వ్యవధి సగమవుతుంది. కొన్నాళ్లకు ఒకవైపు శబ్దం సన్నగిల్లితే, జత పాడైందని పారేసే ముందు టిప్ తీసి, శబ్దం వచ్చే మూతికున్న జాలీని నేలవైపుకు వంచి, పొడి మెత్తని బ్రష్‌తో అక్కడ పేరుకున్న గుబిలిని దులపండి.